మా వదిన రక్తం మరిచిపోలేదు

మా వదిన కారు నడపదు, నడిపిస్తుంది. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్చుకునేవాళ్ళు స్టీరింగ్ ముందు కూర్చుంటే ఆవిడ పక్క సీట్లో కూర్చుంటుంది. ఆ పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారుపడి ఒకటి తొక్కబోయి ఇంకోటి తొక్కినప్పుడు అందరి ప్రాణాలూ ఆ బ్రేకు మీదే ఆధారపడతాయి. అందుకని శిష్యులు ఆవిడకి చాటుగా 'రెండో బ్రేకు' అని పేరు పెట్టుకున్నారు. ఆ సంగతి ఆవిడకి తెలుసు. తెలియనట్టు నటిస్తుంది.

నేనూ ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను. ఆడపడుచునని ఒక్క తిట్టు కూడా తగ్గించలేదు. "అద్దంలో నీ మొహం తర్వాత చూసుకుందువుగాని, ముందు వెనకాల లారీ చూడు" అని మొదటిరోజే నడిరోడ్డు మీద నా పరువు తీసింది. ఆవిడకి ముక్కు మీద కోపం. కానీ భయంతో బిగుసుకుపోయిన మనిషి పక్కన కూర్చుని ఆ భయాన్ని కొంచెం కొంచెంగా వదిలించడం ఆవిడకి వచ్చినట్టు ఇంకెవరికీ రాదు. కారు ఎక్కడానికే ఏడ్చినవాళ్ళు ఆవిడ చేతిలో పడ్డాక బస్సుల మధ్యలోంచి దూసుకుపోవడం నేను చూశాను.

ఆవిడకి చాలా ఏళ్ళుగా కీళ్ళ జబ్బు ఉంది. ఒంటిని కాపాడాల్సిన కణాలే దారితప్పి సొంత కీళ్ళ మీద పడి కొరికే జబ్బు అది. పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోవు, దువ్వెన పట్టుకోవడానికి కూడా తంటాలు పడాలి. దానికి ఆసుపత్రిలో అప్పుడప్పుడూ ఒక మందు ఎక్కిస్తారు. యాంటీబాడీలు తయారుచేయడానికి పుట్టిన బి కణాలనే ఆ మందు తుడిచిపెట్టేస్తుంది. వేళ్ళు మళ్ళీ గేరు పట్టుకోగలిగాయి. బదులుగా కొత్త జబ్బు వస్తే కొత్త యాంటీబాడీలు పుట్టే దారి మూసుకుపోయింది.

కరోనా మా ఇంటికీ వచ్చింది. మాకందరికీ నాలుగు దగ్గులతో పోయింది. వదిన మాత్రం వెనక గదిలో మంచానికి అతుక్కుపోయింది. అన్నయ్య గుమ్మం బయట కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆవిడ దగ్గితే ఒక భయం, దగ్గు ఆగితే ఇంకో భయం. అన్నయ్య లిఫ్టులు బాగుచేస్తాడు. లిఫ్టు పడిపోకుండా ఎన్ని ఏర్పాట్లు ఉంటాయో తెలిసిన మనిషే గానీ, పడితే ఏమవుతుందన్న ఆలోచనే ఆయన బుర్రలో ముందు తిరుగుతుంది. వదిన ఆసుపత్రి మొహం చూడకుండానే కోలుకుంది. లేచి కూర్చున్న రోజు ఆవిడ అడిగిన మొదటి మాట, "నా కారు ఎవరి చేతిలో పెట్టారు?"

ఆ తర్వాత టీకా వేయించారు, యాంటీబాడీల పరీక్ష చేయించారు. సున్నా వచ్చింది. మళ్ళీ టీకా వేయించి మళ్ళీ చూశారు, మళ్ళీ సున్నానే. అన్నయ్య ఆ కాగితం పట్టుకుని కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. చివరికి ఎవరికీ చెప్పకుండా డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళి యజమానికి చెప్పేశాడు.

యజమాని చెడ్డవాడు కాదు. చిక్కంతా అక్కడే వచ్చింది. చెడ్డవాళ్ళతో అయితే మా వదిన హాయిగా పోట్లాడగలదు. ఆయన కళ్ళలో నీళ్ళు పెట్టుకుని, "ఒక్క కారులో, ఒకే గాలి పీలుస్తూ, రోజూ కొత్తవాళ్ళతో... వద్దమ్మా, నీ ప్రాణం నాకు ముఖ్యం" అని ఆవిణ్ణి తెచ్చి ఆఫీసు గదిలో ఫోను ముందు కూర్చోబెట్టాడు. కౌంటరుకి అద్దం, అద్దం చుట్టూ ప్లాస్టిక్ తెర. ఆవిడ మర్నాడే ఫోనెత్తి, "డ్రైవింగ్ స్కూలండీ. లేదండీ, నేర్పేది నేను కాదు, నేను షోకేసులో బొమ్మని" అంది. అవతలివాళ్ళు పెట్టేశారట.

ఆవిడకి పోయినది ఉద్యోగం కాదు, జీతం అలాగే వస్తోంది. పోయినది ఆ సీటు. ఇంట్లో ఎవరికీ ఈ తేడా బుర్రకెక్కలేదు. "కూర్చుని తినమంటే కూడా కష్టమేనా?" అన్నాడు అన్నయ్య. ఆ మాటకి నాకే ఒళ్ళు మండిపోయింది, ఆవిడకి ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఒక ఆదివారం పెరటి మెట్ల మీద కూర్చుని ఇద్దరం కూరగాయలు తరుగుతున్నాం. ఆవిడ ఉల్లిపాయ పొట్టు తీస్తూ ఉన్నట్టుండి అడిగింది.

"ఏమే, నా దగ్గర సున్నా అన్నారు కదా. మరి అప్పుడు నన్ను మంచం మీంచి లేపిందెవరు?"

"అంటే?"

"జ్వరం వచ్చింది, తగ్గింది. వైరస్ నా మీద జాలిపడి దానంతటదే వెళ్ళిపోయిందా? అప్పటికే మందు ఎక్కించుకుని ఉన్నాను, యాంటీబాడీలు అప్పుడూ లేవు. మరి దాన్ని తరిమిందెవరు? నువ్వు పనిచేసేది రక్తాల లాబులోనే కదా, చెప్పు."

నా చేతిలో కత్తి ఆగిపోయింది. నేను ఒక పరిశోధన లాబులో రక్తం నుంచి తెల్లకణాలు వేరుచేసే బల్ల దగ్గర పనిచేస్తాను. పొద్దస్తమానం ఆ కణాలతోనే బతుకుతాను. అయినా ఇంట్లో అందరూ సున్నా అంటుంటే నేనూ తలూపుతూ కూర్చున్నాను.

"టీ కణాలు వదినా" అన్నాను.

"కాఫీ కణాలు లేవా?"

"విను ముందు. నీ మందు తుడిచేసేది బి కణాలని. టీ కణాల జోలికి అది పెద్దగా పోదు. యాంటీబాడీలు బయట తిరుగుతున్న వైరస్‌ని పట్టుకుంటాయి. అది ఒకసారి మన కణంలోకి దూరిందంటే వాటికి చిక్కదు. అక్కడినుంచి పని టీ కణాలది."

"లోపల ఉన్నది వీటికి మాత్రం ఎలా కనపడుతుంది?"

"కణమే చూపిస్తుంది. ప్రతి కణమూ తన లోపల తయారయ్యే ప్రొటీన్లని చిన్న చిన్న ముక్కలు చేసి, ఆ ముక్కల్ని తెచ్చి తన గోడ బయట పెడుతుంది. జబ్బు ఉన్నా లేకపోయినా అది దాని అలవాటు. టీ కణాలు అటుగా పోతూ తడిమి చూస్తాయి. మన సొంత ముక్కలైతే ఊరుకుంటాయి. వైరస్ ప్రొటీన్ ముక్క కనపడిందో, ఆ కణాన్నే చంపేస్తాయి, లోపల తయారవుతున్న వైరస్‌తో సహా."

వదిన ఒళ్ళోని ఉల్లిపొట్టు వైపు చూసింది. "అయితే మన ఎదురింటావిడ లాంటివన్న మాట. మన వంటింట్లోకి అడుగుపెట్టదు. చెత్తబుట్టలో తొక్కలు చూసి ఏం వండామో ఊరంతా చెప్పేస్తుంది."

"అచ్చం అంతే. కాకపోతే ఆవిడ ఇల్లు తగలబెట్టదు."

"అవకాశం దొరక్క" అంది వదిన.

ఇంకా చెప్పాను. వైరస్ పైన ఉండే ముళ్ళు రూపు మార్చుకుంటూ ఉంటాయి, అందుకే యాంటీబాడీలు ఒక్కోసారి వాటిని ఆనవాలు పట్టలేవు. లోపలి ప్రొటీన్లు అంత తేలిగ్గా మారవు. ముక్కలు చేసి బయటపెట్టేటప్పుడు కణం పైదీ లోపలిదీ అని చూడదు, అన్నింటినీ పెడుతుంది. ఆ ముక్కల్ని పట్టి చూపించే అరచేతుల్లాంటివి కొన్ని అమ్మ నుంచి, కొన్ని నాన్న నుంచి వస్తాయి. అందుకని ఒకే వైరస్‌లో ఆవిడ కణాలు చూపించే ముక్కలూ నా కణాలు చూపించే ముక్కలూ ఒకటి కావు. ఒకసారి గెలిచిన టీ కణాల్లో కొన్ని చావకుండా మిగిలిపోయి, ఆ ముక్కని జ్ఞాపకం పెట్టుకుని తిరుగుతూనే ఉంటాయి.

"అవి నాలో ఉన్నాయో లేదో చూడొచ్చా?"

"మా లాబులో చూస్తారు. నీలాంటి మందు వాడేవాళ్ళ మీదే పరిశోధన జరుగుతోంది."

"ఇన్నాళ్ళూ ఈ మాట కడుపులో పెట్టుకుని కూర్చున్నావా? రేపే పద" అంది.

పరీక్ష చెప్పడానికి తేలికే. గుంటలు గుంటలుగా ఉన్న ప్లాస్టిక్ ప్లేటులో మనిషి తెల్లకణాలు పోస్తారు. కొన్ని గుంటల్లో వైరస్ పైముళ్ళ ముక్కలు, కొన్నింటిలో లోపలి ప్రొటీన్ల ముక్కలు కలుపుతారు. ఆ ముక్కని ఎరిగిన టీ కణం ఉంటే అది రెచ్చిపోయి ఒక రసాయనం వదులుతుంది, అది వదిలిన చోట ఒక చుక్క పడుతుంది. ఆఖరి గుంట వేరు. అందులో ఏ జ్ఞాపకమూ లేని టీ కణాల్ని కూడా లేపి కూర్చోబెట్టే మందు పోస్తారు. కణాలు బతికి పనిచేస్తుంటే ఆ గుంట నల్లటి చుక్కలతో నిండిపోవాలి.

ఇంట్లోవాళ్ళ రక్తం మేము ముట్టుకోకూడదని మా దగ్గర నియమం. వదిన మా వీధి చివర సెంటర్లో రక్తం ఇచ్చి వచ్చింది. అక్కడినుంచి లాబుకి చేర్చేది డబ్బా బాబాయ్. రక్తం గొట్టాల డబ్బాని స్కూటరు వెనక కట్టుకుని ఊరంతా తిరుగుతాడు కాబట్టి మేమందరం అలాగే పిలుస్తాం.

ఫలితం ఫోనులో వచ్చింది. స్పందన లేదు. పైముళ్ళకీ లేదు, లోపలి ప్రొటీన్లకీ లేదు.

అన్నయ్య మొహంలో గెలిచిన సంతోషం లేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయన గోడకి ఆనుకుని కూలబడ్డాడు. తర్వాత లేచి యజమానికి ఫోన్ చేసి, "ఆ కారు ఇంకెవరికైనా ఇచ్చేయండి, మా ఆవిడ ఆఫీసులోనే ఉంటుంది" అన్నాడు. వదిన పక్కనే నిలబడి ఉండగా అన్నాడు.

ఆవిడ ఫోను లాక్కుంది. "ఇవ్వడానికి ఈయనెవరండీ? ఆ కారు మీది, ఆ సీటు నాది. వారం దాకా ఎవరికీ ఇవ్వకండి" అని పెట్టేసి, నా వైపు తిరిగింది. "నువ్వు వెళ్ళి చూడు."

"చూడటానికేముంది వదినా? లేదని వచ్చింది కదా."

"జబ్బు వచ్చింది నాకు. లేచింది నేను. ఆ యంత్రం లేదంటే నేను లేచినది అబద్ధమైపోతుందా? ఎక్కడో ఏదో తేడా జరిగింది. నీ కళ్ళతో చూసిరా. చూసి కూడా లేదంటే అప్పుడు నమ్ముతాను."

ఇది మొండితనమే అనుకున్నాను. అయినా ఆవిడ మొహం చూస్తే కాదనలేకపోయాను. మర్నాడు లాబులో పెద్ద మేడమ్ దగ్గరికెళ్ళి, పక్కింటివాళ్ళ గొడవలా నసుగుతూ ఉన్న సంగతి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. చుక్కలు లెక్కపెట్టే పని యంత్రానిది, ప్లేట్లు చదివే గదిలో ఉన్నది కొత్తగా చేరిన అమ్మాయి. మేడమ్ సొరుగులోంచి ఎండిన ప్లేటు తీయించి, వెలుతురు కింద పెట్టి, సరాసరి ఆఖరి గుంట చూసింది.

అది కూడా ఖాళీగా ఉంది.

"ఈమె టీ కణాలకి జ్ఞాపకం లేదని కాదు, అసలు కణాలే లేవలేదు. ఈ పరీక్ష చెల్లదు, ఆఖరి గుంట చూడకుండా ఫలితం పంపకూడదు. తప్పు మాదే" అంది మేడమ్. వెంటనే అడిగింది. "రక్తం దారిలో చల్లబడిందా?"

మిగతా పరీక్షల్లో చాలావాటికి రక్తం చల్లగా రావాలి. ఈ పరీక్షకి మాత్రం అలా కాదు. టీ కణాలు బతికుండి, మెలకువగా రావాలి. ఐసు తగిలితే బిగుసుకుపోతాయి, మళ్ళీ వెచ్చబెట్టినా సరిగ్గా పనిచేయవు. అందుకే ఈ గొట్టాల్ని మామూలు గది వేడిలో, గుడ్డలో చుట్టి తెమ్మని సెంటర్లకి చెప్పి ఉన్నాం.

మధ్యాహ్నం డబ్బా బాబాయ్ వచ్చినప్పుడు అడిగాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"మా టీచరమ్మ రక్తం కదమ్మా! నాకు స్కూటరు తప్ప ఏమీ రాదంటే కారు నేర్పింది ఆ తల్లే. ఎండ మండిపోతోంది, అందరి గొట్టాల్లాగా గుడ్డలో చుట్టి పడేయడానికి మనసొప్పలేదు. నా డబ్బాలో ఉన్న ఐసంతా దాని చుట్టూనే సర్దాను. చుక్క కూడా పాడవకుండా తెచ్చాను."

ఐసు వల్లే కణాలు బిగుసుకుపోయాయని చెప్పాను. "అయితే పాడుచేసింది నేనేనా తల్లీ" అన్నాడు. నాకు కోపం రావాలి, రాలేదు. ఎవరి మీద వస్తుంది?

సాయంత్రం ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాను. అన్నయ్య, "పాపం, మంచికే చేశాడు" అన్నాడు.

"అవును, మంచికే" అంది వదిన. గొంతు పెద్దది చేయలేదు, అందుకే నాకు భయం వేసింది. "ఆయన నా రక్తాన్ని ఐసులో పెట్టాడు. మీరు నన్ను పెట్టారు. ఇద్దరూ ప్రేమతోనే. లోపల బతికున్నది బిగుసుకుపోతోందని ఆయనా చూసుకోలేదు, మీరూ చూసుకోలేదు."



రెండోసారి వదిన సెంటరుకి వెళ్ళలేదు. తిన్నగా మా లాబుకే వచ్చి కూర్చుని చెయ్యి చాపింది. గొట్టం వెచ్చగా అటునుంచి అటే పక్కగదికి పోయింది. నేను బల్ల దగ్గరికి వెళ్ళకుండా బయట బెంచీ మీద ఆవిడతో కూర్చున్నాను. "గడియారం అన్నిసార్లు చూస్తావేంటి, రక్తం ఇచ్చింది నేను కదా" అని నన్నే ఆటపట్టించింది. కానీ తన వేళ్ళని ఒకదాని తర్వాత ఒకటి లాక్కుంటూనే ఉంది.

ప్లేటు సిద్ధమైన రోజు మేడమ్ వదినని, అన్నయ్యని కూడా పిలిచింది. నేను వెనకాల నిలబడ్డాను. ముందు ఆఖరి గుంట చూపించింది. చుక్కలు ఒకదాని మీద ఒకటి పడి గుంటంతా నల్లగా ఉంది. అంటే కణాలు బతికే వచ్చాయి. తర్వాత పైముళ్ళ గుంట. అక్కడక్కడా చుక్కలు. తర్వాత లోపలి ప్రొటీన్ల గుంట. ఆవాలు చల్లినట్టు గుంటంతా చుక్కలే. ఆవిడ వేయించుకున్న టీకాలో లోపలి ప్రొటీన్లు ఉండవు, కాబట్టి వాటిలో ప్రతి చుక్కా ఆ వెనక గదిలో యుద్ధం చేసిన కణానికి వారసురాలు, వైరస్ ముక్కని చూడగానే ఆనవాలు పట్టిన కణం. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

"వీటినేనా మీరు సున్నా అన్నది?" అంది వదిన అన్నయ్యతో.

మేడమ్ చెయ్యి ఎత్తింది. "ఆగమ్మా. ఇది చూసి కవచం ఉందనుకోవద్దు. టీ కణాలు జబ్బుని లోపలికి రాకుండా ఆపలేవు, వచ్చాక ముదరకుండా పోరాడతాయి. ఎంత బాగా అన్నది ఈ చుక్కలు చూసి నేను హామీ ఇవ్వలేను. మాస్కు మానకూడదు, కారు అద్దాలు మూయకూడదు. జ్వరం తగిలితే అదే రోజు మందు కోసం రావాలి."

"హామీ ఎవరిస్తారండీ" అంది వదిన. "రోడ్డు మీదికి వెళ్ళేవాళ్ళకి ఎప్పుడైనా ఎవరైనా ఇచ్చారా?"

బయటికొచ్చాక మెట్ల దగ్గర అన్నయ్య ఆగాడు. "నాకు ఇంకా భయంగానే ఉంది" అన్నాడు. ఆయన అంత సూటిగా మాట్లాడటం నేను ఎప్పుడూ వినలేదు.

"ఉండనివ్వండి. నాకూ ఉంది. దాన్ని తెచ్చి నా సీట్లో మాత్రం కూర్చోబెట్టకండి."

ఆయన జేబులోంచి ఫోను తీశాడు. "సరే, వెళ్ళు. యజమానికి నేను ఫోన్ చేస్తాను" అన్నాడు.

నేనూ వదినా నేరుగా అక్కడినుంచే డ్రైవింగ్ స్కూలుకి వెళ్ళాం. వారం గడువు ఆ రోజుతో తీరిపోతోంది. కారు గేటులో ఉంది. నేర్చుకోవడానికి వచ్చిన ఒక నడివయసు ఆవిడ స్టీరింగ్ ముందు కూర్చుని బిక్కమొహంతో దాన్ని పట్టుకుని ఉంది. పక్క సీటు ఖాళీగా ఉంది. యజమాని ఆ తలుపుకి అడ్డంగా నిలబడి ఉన్నాడు, తాళంచెవి ఆయన చేతిలోనే ఉంది. మమ్మల్ని చూడగానే అక్కడినుంచే పలకరించాడు.

"ఫలితం బాగా వచ్చిందట కదమ్మా! ఇప్పుడే మీ ఆయన ఫోన్ చేశాడు. ఏదీ, ఆ కాగితం ఒక్కసారి చూపించు. ఫైల్లో పెట్టుకుంటాను, నేర్చుకునేవాళ్ళకీ ధైర్యంగా ఉంటుంది. ఆ వెంటనే తాళాలు నీవే."

నాకు ప్రాణం లేచొచ్చింది. కాగితం నా సంచీలోనే ఉంది. తీయబోయాను. వదిన నా మణికట్టు పట్టుకుంది.

"సంచీ మూసెయ్" అంది.

"వదినా, చూపిస్తే అయిపోతుంది కదా!"

"అది నేను తెలుసుకోవడానికి. మీ అన్నయ్య కుదుటపడటానికి. అంతకుమించి ఎవరికీ కాదు." యజమాని వైపు తిరిగింది. "ఇక్కడ నేర్పేవాళ్ళు ఇంకా ఉన్నారు కదండీ. వాళ్ళ రక్తం ఎప్పుడైనా అడిగారా? మీది ఎప్పుడైనా చూపించారా?"

"అది కాదమ్మా, నీ మంచికే..."

"నా మంచి నేను చూసుకుంటాను. రక్తం చూసి సీటిస్తే, రేపు చుక్కలు తగ్గాయని లేపేస్తారు. మీరు నన్ను పెట్టుకున్నప్పుడు నేనెలా నేర్పుతానో చూసి పెట్టుకున్నారు. తీసేయాలంటే కూడా అదే చూసి తీసేయండి. కాగితం మాత్రం చూపించను. ఉద్యోగం పోతే పోనివ్వండి."

లోపల ఫోను మోగి మోగి ఆగిపోయింది. స్టీరింగ్ ముందు ఉన్న ఆవిడ మా వైపే చూస్తోంది. యజమాని ఎర్రబడ్డ మొహంతో ఆవిడ వైపు ఒకసారి చూశాడు. నేను సంచీ గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. ఆ కాగితం తీసి ఆయన మొహాన కొట్టాలని నాకు ఎంతగా ఉందో చెప్పలేను. వదిన మాస్కు సర్దుకుని, ఆయన చేతిలోంచి తాళంచెవి తీసుకుంది.

"జాగ్రత్తమ్మా" అన్నాడు ఆయన.

"అద్దాలు దించే ఉంచుతాను. మీరు కాస్త పక్కకి జరగండి, బండి తియ్యాలి."

ఆయన జరిగాడు.